బీపీకి టెన్షన్ ఒక్కటే కారణమా?

ఎవరికైనా బీపీ వచ్చిందనగానే ‘ఏం టెన్షన్లు పెట్టుకున్నారో’ అంటాం. కోపం, కంగారు రక్తపోటును పెంచే మాట నిజమే. కానీ మనసు కుదుటపడితే అదీ దిగుతుంది. వేర్వేరు రోజుల్లో, స్థిమితంగా కూర్చోబెట్టి చూసినా 140/90 లేదా ఆపైన ఉంటేనే సాధారణంగా అధిక రక్తపోటుగా లెక్క. అలా నిలిచిపోయే బీపీ వెనుక వేరే సంగతులుంటాయి.

నూటికి తొంభై మందికి పైగా ఇదీ అని చూపించగల ఒక్క కారణం దొరకదు; కొన్ని కలిసి పనిచేస్తాయి. తల్లిదండ్రులకు బీపీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ రక్తనాళాలు బిరుసెక్కి, గుండె కొట్టుకున్నప్పుడల్లా సాగే గుణం కోల్పోతాయి. ఈ రెండూ మన చేతిలో లేవు.

చేతిలో ఉన్నవాటిలో ముందు చెప్పాల్సింది ఉప్పు. మూత్రపిండాలు బయటికి పంపలేని ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. దాంతో నాళాల్లో రక్తం పరిమాణం పెరిగి, ఒత్తిడీ పెరుగుతుంది. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే చిన్న చెంచాడు లోపే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలో తగ్గించినా ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, మిక్చరు ఆ లెక్కను దాటించేస్తాయి. సైంధవ లవణమైతే ఫర్వాలేదన్న ధీమా కూడా వద్దు. అదీ దాదాపు సోడియం క్లోరైడే. అధిక బరువు, మద్యం, ఒళ్లు కదలని జీవితం ఇందుకు తోడవుతాయి.

కొందరిలో మాత్రం ఫలానా కారణమని తేలుతుంది: మూత్రపిండాల జబ్బు, వాటికి వెళ్లే ధమని సన్నబడడం, అడ్రినల్ గ్రంథిలో గడ్డ, థైరాయిడ్ లోపం, గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. చిన్న వయసులోనే బీపీ వచ్చినా, ఉన్నట్టుండి బాగా పెరిగినా, మూడు రకాల మందులు వాడుతున్నా లొంగకపోయినా డాక్టర్లు వీటి కోసం వెతుకుతారు.

మందుల పాత్రా ఉంది. మోకాళ్ల నొప్పులకని రోజూ మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు, స్టెరాయిడ్లు, కొన్ని గర్భనిరోధక మాత్రలు బీపీని పెంచగలవు. దగ్గుకని ఎక్కువ రోజులు వాడే అతిమధురమూ అంతే.

అందుకే డాక్టరు దగ్గరికి బీపీ అంకెతో మాత్రమే వెళ్లకండి. ఇంట్లో ఎవరెవరికి ఉందో, గురక పెడతారో లేదో, మెడికల్ షాపులో సొంతంగా కొని వాడేవేమిటో కూడా చెప్పండి.