పేరు డిస్టిలరీది, పీపా మరొకరిది: ఇండిపెండెంట్ సింగిల్ మాల్ట్ కథ

సీసా మీద 'కల్ ఈలా' అని ఉంటుంది. దాని పక్కనే ఇంకో కంపెనీ పేరు: కేడెన్‌హెడ్స్ అనో, సిగ్నేటరీ అనో. విస్కీ కాచింది ఒకరు, సీసాల్లో నింపి అమ్ముతున్నది మరొకరు. వీటినే ఇండిపెండెంట్ బాట్లింగ్స్ అంటారు. ఇదేదో కల్తీ వ్యవహారం కాదు. స్కాట్లాండ్‌లో నూటయాభై ఏళ్లకు పైగా నడుస్తున్న పద్ధతే.

అక్కడి విస్కీ వ్యాపారానికి ఆధారం బ్లెండ్లే. జానీ వాకర్ లాంటి బ్లెండ్‌లో అనేక డిస్టిలరీల సరుకు కలుస్తుంది. అందుకే డిస్టిలరీలు పీపాలను ఒకరికొకరు మార్చుకోవడం, బ్రోకర్లకు అమ్మడం మామూలు విషయం. అలా బయటికొచ్చిన పీపాలను కొని, కొన్నేళ్లు దాచి, తమ లేబుల్‌తో అమ్మేవాళ్లు తయారయ్యారు. కేడెన్‌హెడ్స్ 1842లో అబర్డీన్‌లో మొదలైంది. గోర్డన్ అండ్ మెక్‌ఫైల్ 1895లో ఎల్గిన్ ఊళ్లో పెట్టిన కిరాణా కొట్టు. గ్లెన్‌ఫిడిక్ 1963లో తన సింగిల్ మాల్ట్‌ను పెద్ద ఎత్తున బయటి దేశాల్లో ప్రచారం చేయడం మొదలుపెట్టేనాటికి ఈ కొట్లు చాలాకాలంగా మాల్టులు అమ్ముతూనే ఉన్నాయి.

ఐలా దీవిలోని కల్ ఈలానే తీసుకుందాం. 1846లో పుట్టిన ఈ డిస్టిలరీ సరుకులో ఎక్కువ భాగం బ్లెండ్లకే పోతుంది. దాని యజమాని డియాజియో 2002లో 12 ఏళ్ల సీసాను మార్కెట్‌లోకి తెచ్చేవరకు, దాని రుచి చాలామందికి తెలిసింది ఇండిపెండెంట్ల ద్వారానే.

డియాజియో వారి 12 ఏళ్ల కల్ ఈలాలో ఎన్నో పీపాలు కలుస్తాయి. నీళ్లు చేర్చి 43 శాతానికి తెస్తారు. ఈ ఏడాది కొన్నా వచ్చే ఏడాది కొన్నా ఒకేలా ఉండాలన్నది లక్ష్యం. ఇండిపెండెంట్ సీసా సాధారణంగా ఒక్క పీపాది. 250 లీటర్ల పీపాలో ఏటా 2 శాతం దాకా ఆవిరైపోతుంది. పన్నెండేళ్ల తర్వాత నీళ్లు కలపకుండా నింపితే 700 మిల్లీలీటర్ల సీసాలు మూడొందల లోపే వస్తాయి. అవి అయిపోతే అంతే, అచ్చంగా అలాంటిది మళ్లీ దొరకదు.

కాబట్టి ఇక్కడ రుచి చూసేది బ్రాండును కాదు, పీపాను. లేబుల్ మీద కాచిన సంవత్సరం, నింపిన సంవత్సరం, పీపా రకం, నంబరు, ఆల్కహాల్ శాతం ముందు చూడాలి. అప్పటికే చాలాసార్లు వాడిన పీపా అయితే డిస్టిలరీ సొంత గుణం బయటికి కనిపిస్తుంది. కొత్తగా ఖాళీ చేసిన షెర్రీ పీపా అయితే ఎండు ద్రాక్ష, ఖర్జూరం, వక్క వాసనల కింద ఆ గుణం అణగిపోవచ్చు. చివరి కొద్ది నెలలు మాత్రమే షెర్రీ పీపాలో ఉంచి 'ఫినిష్' అన్నారంటే నాకు కాస్త అనుమానమే. నీరసమైన సరుకుకు మేకప్ వేయడానికీ అది పనికొస్తుంది. రంగు చూసి మోసపోవద్దు. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ మంచి ఇండిపెండెంట్లు ఆ జోలికి పోరు. లేత గడ్డి రంగులో ఉన్న కల్ ఈలాయే తరచూ గొప్పగా ఉంటుంది.

రుచి చూడటానికి మూతి సన్నగా ఉన్న గ్లాసు చాలు. 57 శాతం విస్కీని ఒకేసారి గట్టిగా పీలిస్తే ముక్కు మండి, ఆ తర్వాత ఏ వాసనా తెలియదు. నోరు కొద్దిగా తెరిచి మెల్లగా వాసన చూడాలి. ఒక గుటక అలాగే తీసుకుని, తర్వాత చుక్క చుక్కగా నీళ్లు వేసుకోవాలి. మంచుముక్కలు వేస్తే వాసన ముడుచుకుపోతుంది. రివ్యూల్లో 'క్రిస్మస్ కేక్', 'హెదర్ పూలు' అని రాస్తారు. మన ముక్కుకు ఆ జ్ఞాపకాలు లేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. కట్టెల పొయ్యి పొగ, ఎండు చేప, నిమ్మ తొక్క అని రాసుకున్నా కల్ ఈలాను సరిగ్గానే పట్టుకున్నట్టు.

ఇక మార్కులు. మైకేల్ జాక్సన్ (గాయకుడు కాదు, బ్రిటిష్ రచయిత) 1989లో తెచ్చిన పుస్తకంతో నూటికి ఇన్ని అనే పద్ధతి బాగా పాకింది. ఒక్క పీపా విస్కీకి 88 వచ్చిందని మీరు చదివేసరికి సీసాలు అమ్ముడైపోయి ఉంటాయి. మరి ఆ రివ్యూ ఎందుకు? ఒకే సమీక్షకుడు ఒకే డిస్టిలరీ సీసాలు అనేకం పక్కపక్కన పెట్టి ఏమన్నాడో చూస్తే, ఏ బాట్లర్ పీపాలు జాగ్రత్తగా ఎంచుతున్నాడో తెలుస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన సెర్జ్ వాలంటిన్ 2002 నుంచి చేస్తున్నది ఇదే. శాంపిల్ ఉచితంగా వచ్చిందా, కొన్నదా చెప్పని రివ్యూను మాత్రం నేను సగమే నమ్ముతాను.

ఈ వ్యాపారానికి ఇప్పుడు పీపాల కరువు పట్టుకుంది. సింగిల్ మాల్ట్‌కు గిరాకీ పెరిగాక డిస్టిలరీలు మంచి పీపాలను తమ దగ్గరే ఉంచుకుంటున్నాయి. అమ్మినా పేరు వాడనివ్వరు. మరో డిస్టిలరీ మాల్ట్‌ను చెంచాడు కలిపి, సింగిల్ మాల్ట్ అనే హక్కే లేకుండా చేసేవాళ్లున్నారు. ఇతరుల డిస్టిలరీల సరుకుతో కొత్త పీపాలు నింపడం 2024 నుంచి ఆపేస్తున్నామని గోర్డన్ అండ్ మెక్‌ఫైల్ 2023లో ప్రకటించింది. ఇకపై సొంత డిస్టిలరీలే వారికి ముఖ్యం.

2025 జూలైలో సంతకమైన భారత్–బ్రిటన్ ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద 150 శాతం దిగుమతి సుంకం ముందు 75కి, పదేళ్లలో 40కి తగ్గుతుంది. అది పెద్ద బ్రాండ్లకు వరమే. మూడొందల సీసాల సరుకుకు మాత్రం ఒక్కో రాష్ట్రంలో లేబుల్ రిజిస్ట్రేషన్ ఖర్చే భారం కాబట్టి, ఇవి హైదరాబాద్ షాపుల్లో వరుస కడతాయని నేను అనుకోను. అటు నుంచి మాత్రం దారి తెరుచుకునే ఉంది. ఎడిన్‌బరోలోని స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ తన సీసాల మీద డిస్టిలరీ పేరుకు బదులు ఒక అంకె వేస్తుంది. అందులో 134 అంటే గోవాలోని పాల్ జాన్.