నైలు నేర్పిన లెక్క

ప్రాచీన ఈజిప్టు నైలు నది వరప్రసాదమని బడిలో చదువుకోని తెలుగువాళ్ళు తక్కువ. ఆ మాటకు మూలం క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్. ఆయన చెప్పింది నది సముద్రంలో కలిసేచోట ఒండ్రు పేరుకొని ఏర్పడిన నేల గురించి. తరవాతివాళ్ళు దాన్ని మొత్తం నాగరికతకే అన్వయించారు. నది నీళ్ళిచ్చింది, మట్టినిచ్చింది, జనం పండించుకుని తిన్నారు, మిగిలిన తీరికలో పిరమిడ్లు కట్టారు అన్నట్టుగా కథ సులువుగా ముగిసిపోతుంది. కానీ ఒండ్రు తెచ్చే నదులు లోకంలో చాలా ఉన్నాయి. ఐదు వేల ఏళ్ళ కిందట దాదాపు వెయ్యి కిలోమీటర్ల పొడవునా ఒకే రాజు మాట చెల్లిన నేల మాత్రం ఇదే. మధ్యమధ్య విరిగినా మళ్ళీ అతుక్కుంటూ ఆ రాజ్యం మూడు వేల ఏళ్ళ దాకా నిలిచింది. అందుకే నైలు ఎంత ఇచ్చిందన్న ప్రశ్న కంటే ఎలా ఇచ్చిందన్న ప్రశ్న పదునైనది. నైలు లోయ ఆకారమూ, వరద వచ్చే తీరూ కలిసి అక్కడి పంటను పాలకుడి కంటికి కనపడేలా, లెక్కకు అందేలా, పడవకెక్కేలా చేశాయన్నది నా వాదం. ఆ రాజ్యపు బలం అక్కడే ఉంది, బలహీనతా అక్కడే ఉంది.

నైలుకు రెండు ప్రధాన పాయలు. తెల్ల నైలు విక్టోరియా సరస్సు ప్రాంతం నుంచి ఏడాది పొడవునా నిలకడగా పారుతుంది. నీలి నైలు ఇథియోపియాలోని తానా సరస్సు దగ్గర మొదలై, ఆ పీఠభూమి మీద కురిసే వేసవి వానలకు ఉప్పొంగుతుంది. ఈ రెండూ సూడాన్‌లోని ఖార్టూమ్ దగ్గర కలుస్తాయి. వరద నీటిలో అత్యధిక భాగం, ఒండ్రులో దాదాపు అంతా ఇథియోపియా కొండల నుంచి వచ్చేదే. ఈజిప్టులో వాన నామమాత్రం. కైరోలో ఏడాది మొత్తానికి రెండున్నర సెంటీమీటర్లు కురిస్తే ఎక్కువ. వాన పడేది ఒక దేశంలో, పంట పండేది మరో దేశంలో. జూన్‌లో అస్వాన్ దగ్గర నీటిమట్టం పెరగడం మొదలయ్యేది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో లోయంతా నిండి, శీతాకాలం రాకముందే నీరు తీసేది. ఈజిప్షియన్లు ఏడాదిని వరద కాలం, విత్తు కాలం, కోత కాలం అని మూడుగా పంచుకున్నది దీన్ని బట్టే. ఇక లోయకు అటూ ఇటూ ఎడారి. ఒకప్పుడు గడ్డిభూములతో, చెరువులతో ఉన్న సహారా ఐదారు వేల ఏళ్ళ కిందటికి ఎండిపోయింది. పశువులు మేపుకునే జనం నది ఒడ్డుకు చేరారు. అక్కడ నుంచి ఇంకెక్కడికీ వెళ్ళే వీలు లేకపోవడం కూడా ఈ కథలో ముఖ్యమే.

ఈ వరద సేద్యానికి ఎంత అనుకూలమో మెసొపొటేమియాతో పోలిస్తే తెలుస్తుంది. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు వసంతంలో, పంట చేతికొచ్చే వేళకు పొంగుతాయి. వరదను చేల మీద పడకుండా ఆపాలి, పైరుకు దాహమేసే రోజుల్లో కాలువలు తవ్వి నీళ్ళు తేవాలి. ఎండకు ఆ నీళ్ళు ఆవిరై, నేలలో చౌడు తేలేది. నైలు వరద కోతలు అయ్యాక వచ్చి, విత్తే అదునుకు తిరిగి వెళ్ళిపోయేది. నది గట్టుకు వెనకనున్న పల్లపు నేలలను రైతులు మట్టికట్టలతో పెద్ద మడులుగా చేసుకుని, నీటిని నలభై, యాభై రోజులు నిలవగట్టి, తరవాత వదిలేసేవారు. ఆ నీటితో పాటు ఉప్పూ కొట్టుకుపోయేది, కొత్త ఒండ్రు మిగిలేది. తడి ఆరకముందే గోధుమ, బార్లీ, అవిసె చల్లితే మరో తడి అవసరం లేకుండానే పంట పండేది. వేల ఏళ్ళు ఒకే నేలను దున్నినా సారం తగ్గకపోవడానికి రహస్యం ఇదే.

ఇక్కడే ఒక పాత సిద్ధాంతం అడ్డుపడుతుంది. పెద్ద నదుల దగ్గర పెద్ద కాలువలు కావాలి, వాటికి వేలమంది కూలీలను నడిపించే అధికారం కావాలి, నిరంకుశ రాజ్యాలు అలా పుట్టాయని చరిత్రకారుడు కార్ల్ విట్‌ఫోగెల్ 1957లో వాదించాడు. చేతిలో పారతో కాలువ పనికి దిగినట్టున్న తేలురాజు అనే తొలి పాలకుడి గద మీది బొమ్మ ఈ వాదానికి సాక్ష్యంలా కనిపిస్తుంది. క్రీ.పూ. 3100 ప్రాంతపు ఆ గద ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. కానీ 1976లో భూగోళ శాస్త్రవేత్త కార్ల్ బుట్జర్ నది నైసర్గిక స్వరూపాన్నీ, పాలనా పత్రాలనూ కలిపి పరిశీలించి, మడుల సేద్యం ఊరూరా స్థానికంగా సాగిన పని అని చూపాడు. మొత్తం దేశపు నీటిని పంచే కేంద్ర శాఖ ఏదీ తొలి రాజ్యంలో కనపడదు. నీళ్ళు తోడే ఏతం బొమ్మలు కూడా క్రీ.పూ. 14వ శతాబ్దం నాటికి గానీ సమాధుల గోడల మీద కనిపించవు. అప్పటికి పిరమిడ్లు కట్టి వెయ్యేళ్ళు దాటింది. రాజు కాలువ తవ్వితే దాన్ని ఘనంగా చెక్కించుకున్నాడు, నిజమే. రాజ్యం పుట్టింది మాత్రం కాలువల వల్ల కాదు.

మరి రాజ్యం చేసిన పనేమిటి? కొలవడం. అబైడోస్‌లో క్రీ.పూ. 3200 నాటి ఒక సమాధిలో ఎముక, దంతపు చీటీలు నూటికి పైగా దొరికాయి. వాటి మీద ఉన్నవి అంకెలు, గుర్తులు. ఈజిప్టులో మనకు తెలిసిన తొలి రాతల్లో ఇవి ఉన్నాయి, అవి సరుకుల పద్దుల్లా ఉన్నాయి. ఐదో వంశం కాలపు పలెర్మో శిల మొదటి వంశపు రాజుల నుంచీ ఏటేటా వరద ఎంత ఎత్తుకు వచ్చిందో మూరల్లో, బెత్తల్లో, వేళ్ళలో చెబుతుంది. పశువుల లెక్క తీసిన ఏడాదిని బట్టే సంవత్సరాన్ని గుర్తించేవారు. ఈ శ్రద్ధకు కారణం ఉంది. వరద ఎత్తు తెలిస్తే తడిసిన నేల ఎంతో తెలుస్తుంది, తడిసిన నేల తెలిస్తే కోతకు ముందే శిస్తు అంచనా వేయవచ్చు. రోమన్ రచయిత ప్లినీ కాలానికి ఇది లోకజ్ఞానమైపోయింది. పన్నెండు మూరల వరద వస్తే ఆకలి, పదహారు మూరలు వస్తే పండగ అని ఆయన రాశాడు. కొండల్లో, అడవుల్లో చెదిరి ఉన్న పొలాలను ఇలా లెక్కగట్టలేం. ఒకే వీధి ఉన్న ఊళ్ళో పన్ను వసూలుకు వచ్చినవాడికి వెతుకులాట ఉండదు, నైలు లోయ అలాంటిది. శిస్తు భారమై రైతు పారిపోదామన్నా ఎడారి ఆపుతుంది. చుట్టూ బతకలేని నేల ఉన్నచోట ఓడినవాళ్ళు లొంగక తప్పదనీ, రాజ్యాలు అలాంటి చోట్లే ముందు పుట్టాయనీ మానవశాస్త్రవేత్త రాబర్ట్ కార్నీరో 1970లో ప్రతిపాదించాడు. దానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకడం కష్టం.

లెక్కించిన ధాన్యం గాదెకు చేరాలి కదా. అక్కడా నదే దారి. ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి, గాలి ఎక్కువ రోజులు ఉత్తరం నుంచి దక్షిణానికి. దిగువకు వాలులో పోవచ్చు, ఎగువకు తెరచాప ఎత్తి పోవచ్చు. రెండు వైపులా ప్రకృతే నడిపించే ఇలాంటి దారి మరో పెద్ద నదికి అరుదు. 2013లో ఎర్రసముద్ర తీరంలోని వాదీ అల్-జర్ఫ్‌లో పురావస్తు శాస్త్రవేత్త పియర్ టాలె బృందానికి దొరికిన పపైరస్ కాగితాల్లో మెరెర్ అనే అధికారి దినచర్య ఉంది. ఖుఫు రాజు మహా పిరమిడ్ కోసం అతని జట్టు తురా గనుల నుంచి తెల్ల సున్నపురాయిని పడవల్లో గీజాకు చేరవేసింది. వరద పొంగే నెలల్లో పడవలు పిరమిడ్ దాపుకే వచ్చేవి. పిరమిడ్ల వరస పక్కనే ఒకప్పుడు సుమారు 64 కిలోమీటర్ల పొడవున నైలు పాయ పారిందని 2024లో వెలువడిన ఒక పరిశోధన ఉపగ్రహ చిత్రాలు, మట్టి నమూనాల ఆధారంగా చూపింది. ఎడారి అంచున నిలిచిన ఆ రాతి కొండలు ఒకనాటి రేవుల పక్కన కట్టినవే.

నదే సమస్తాన్నీ నిర్ణయిస్తే, అదే నది ఒడ్డునున్న నూబియాలో అలాంటి రాజ్యం ఎందుకు రాలేదని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. అయితే అస్వాన్‌కు ఎగువన నది అదే, లోయ అది కాదు. ఖార్టూమ్ దాకా ఆరు చోట్ల బండరాళ్ళ మధ్య ప్రవాహం సుడులు తిరుగుతుంది, పడవలు ఆగిపోతాయి. చాలాచోట్ల సాగునేల సన్నని అంచుగా మిగిలింది. అది కాస్త వెడల్పైన చోట, ఆ బండరాళ్ళ అడ్డంకుల్లో మూడోదానికి ఎగువన, కెర్మా రాజ్యం వెలసింది. దాని సంపద ఎక్కువగా పశువులు. అక్కడి ఒక పెద్ద సమాధి ముందు నాలుగు వేలకు పైగా ఎద్దుల పుర్రెలు పేర్చారు. నడిచే సంపదను కొలిచి గాదెలో పోయలేం కాబట్టి అక్కడి అధికారం మరో రూపం తీసుకుంది. క్రీ.పూ. 8వ శతాబ్దంలో నూబియాలోని కుష్ రాజ్యపు రాజు పీయే ఈజిప్టును గెలిచాడు. అతని వారసులు ఇరవై ఐదో వంశంగా ఈజిప్టు పద్ధతుల్లోనే పాలించారు. పాలకులు మారినా లోయ ఒకే రకం పాలన కోరింది. అంతమాత్రాన మనుషుల పాత్ర లేదనలేం. మడికట్టలు వేసిందీ, చీటీలు రాసిందీ, యుద్ధాలు గెలిచిందీ మనుషులే. ఏ పనికి ఫలితం ఎక్కువో లోయ నిర్ణయించింది.

ఇంత నమ్మకమైన వరద అప్పుడప్పుడూ మోసం చేసేది కూడా. క్రీ.పూ. 2200 ప్రాంతంలో, పిరమిడ్లు కట్టిన పాత రాజ్యం కూలి, స్థానిక ప్రభువులు ఎవరికి వారయ్యారు. వాళ్ళలో అంఖ్తిఫీ అనేవాడు మొఅల్లాలోని తన సమాధి గోడల మీద ఘోరమైన కరువు గురించి చెక్కించుకున్నాడు. వరదలు తగ్గడమే ఈ పతనానికి మూలమని 1971లో పరిశోధకురాలు బార్బరా బెల్ వాదించింది. దీనికి అభ్యంతరాలున్నాయి. కరువును పెద్దది చేసి చెబితే తన దానం పెద్దదవుతుంది కాబట్టి అంఖ్తిఫీ మాట పూర్తిగా నమ్మలేం. పాత రాజ్యపు చివరి కాలపు రాజు రెండో పెపీ సుదీర్ఘ పాలనలో జిల్లా అధికారులు ముందే బలపడ్డారు. రెండూ ఒప్పుకోదగ్గవే. కానీ ఆ కాలంలో తూర్పు ఆఫ్రికా ఎండిందని సరస్సుల అడుగు మట్టి పొరలు కూడా చెబుతున్నాయి. నా దృష్టిలో ఈ కారణాలు ఒకదాన్నొకటి కొట్టెయ్యవు. వరద ఎత్తును శిస్తుగా, శిస్తును రాజు గౌరవంగా మార్చిన వ్యవస్థలో వరద తగ్గితే మొదట వట్టిపోయేది ఖజానా, ఆ వెంటనే విధేయత. రాజ్యం మళ్ళీ ఒకటయ్యాక పాలకులు కొలతను ఇంకా ముందుకు తీసుకుపోయారు. మూడో అమెనెమ్హెట్ రాజు కాలంలో నూబియాలోని సెమ్నా కోట దగ్గర బండల మీద ఏటా వరద గుర్తులు చెక్కించారు.

అయినా ఎంత కొలిచినా ఇథియోపియా మీద మబ్బు పట్టాల్సిందే. ఆ మబ్బుకూ మన రుతుపవనాలకూ బంధుత్వం ఉంది. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నీనో ఏడాదుల్లో రెండూ బలహీనపడే అవకాశం ఎక్కువ. 1877లో నైలు వరద బాగా తగ్గింది. అప్పుడే మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలతో సహా లక్షలమందిని మింగిన 1876-78 మహాక్షామం నడుస్తోంది. అస్వాన్ ఎత్తైన ఆనకట్ట 1970లో పూర్తయ్యాక ఈజిప్టులో ఏటా వచ్చే వరద ఆగింది, ఒండ్రు ఆనకట్ట వెనకే నిలిచిపోతోంది, పొలాలకు ఎరువులు కొనాల్సి వస్తోంది. 2025 సెప్టెంబరులో ఇథియోపియా నీలి నైలు మీద తన పెద్ద ఆనకట్టను ప్రారంభించింది. ఫరోల కాలంలో ఎగువన వాన కురిసిందా లేదా అన్నదొక్కటే తెలియాల్సిన సంగతి. ఇప్పుడు ఎగువవాళ్ళు ఎంత వదులుతారన్నది కూడా దానికి తోడైంది. వరద ఎత్తును కొలిచి ఈజిప్టు తన రాజ్యాన్ని కట్టుకుంది. కొలిచే హక్కు ఇక తనకొక్కదానికే లేని కాలంలో, ఆ దేశానికి మూరకోల కంటే పొరుగువాళ్ళతో ఒప్పందమే ఎక్కువ అవసరం.