తాతల ఊరు దొరికేదెలా?

పిల్లలూ! మీ తాతయ్యగారి పేరు మీకు తెలుసు. ముత్తాతగారి పేరో? ఆయన తండ్రి పేరో? చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. మనకు తల్లిదండ్రులు ఇద్దరు. ఇద్దరు తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మ కలిసి నలుగురు. వారి తల్లిదండ్రులు ఎనిమిదిమంది. ఇలా మెట్టు మెట్టుకూ సంఖ్య రెట్టింపవుతూ పదో మెట్టుకు 1,024 స్థానాలవుతాయి! మేనరికాలు జరిగిన ఇళ్ళలో ఒకే మనిషి రెండు స్థానాలలో రావచ్చు. అప్పుడు మనుషుల సంఖ్య కొంత తగ్గుతుంది.

పేర్లు మరచిపోయినా మనలో చాలామందికి సొంత ఊరంటూ ఒకటి ఉంటుంది. ఆ ఊరు కూడా తెలియనివారి సంగతేమిటి?

ఓడ ఎక్కినవారు

దక్షిణాఫ్రికాలోని డర్బన్ ప్రాంతాన్ని ఒకప్పుడు నేటాల్ అనేవారు. అక్కడి చెరకు తోటలలో పనికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకువెళ్ళారు. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అదే మొదటిది. 1911 దాకా సుమారు 1,52,000 మంది అలా వెళ్ళారు. వారిలో విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ఎందరో మళ్ళీ సొంత ఊరు చూడలేదు.

ఓడ పట్టికలలో ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చారు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాశారు. మన ఇంటిపేరు మాత్రం సాధారణంగా అందులోకి ఎక్కలేదు. ఓడ దిగిన మనిషి పేరే ఎన్నో కుటుంబాలలో మునిమనవల ఇంటిపేరయింది. అసలు ఇంటిపేరు మరుగున పడింది.

ఒకరికి తెలియనిది మరొకరికి

ఇప్పుడు ఒక చిక్కుముడి విప్పుదాం. డర్బన్‌లో ఒకరికి తమ ముత్తాత నంబరు దొరికిందనుకోండి. పట్టికలో ‘గంజాం జిల్లా, చికాకోల్’ అని ఉంది. నేటి పటంలో గంజాం ఒడిశాలో ఉంది. అక్కడ ఎంత వెదికినా చికాకోల్ కనిపించదు.

ఇదే మాట శ్రీకాకుళంలోని చరిత్ర మాస్టారిని అడిగితే నవ్వుతారు. తెల్లదొరలు శ్రీకాకుళాన్నే చికాకోల్ అని రాసేవారు మరి! ఆ తాలూకా అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అది విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం వేరే జిల్లా అయింది.

చూశారా! పట్టిక చదవగలవారు ఒకచోట, పాత పటాలు తెలిసినవారు మరొకచోట, ఊళ్ళో ఇంటిపేర్లు ఎరిగిన పెద్దలు ఇంకొకచోట ఉంటారు. అందుకే వంశచరిత్ర వెదికేవారు ఒకరికొకరు సాయపడతారు.

ఔనా, కాదా?

దొరికిన ప్రతి పేరూ మన ముత్తాతది కాదు. అప్పన్న అనే పేరు ఉత్తరాంధ్రలో ఊరూరా ఉంది. మరి మన అప్పన్న ఎవరు? శాస్త్రజ్ఞుడిలా పరీక్షించాలి. 1890 నాటి ఓడ పట్టికలో అప్పన్న వయసు 25 అని ఉందనుకోండి. 1930లో చనిపోయిన మన ముత్తాత వయసు 65 అని మరో కాగితంలో ఉంటే లెక్క సరిపోయింది. 40 అని ఉంటే? అతడు వేరే మనిషి అయి ఉండాలి. ఆ రోజుల్లో వయసు ఉజ్జాయింపుగా చెప్పేవారు కాబట్టి రెండు మూడేళ్ళ తేడాను పట్టించుకోనక్కరలేదు. పాతికేళ్ళ తేడాను వదలరాదు. వయసు కుదిరినా తండ్రి పేరు, నంబరు కూడా సరిచూడాలి.

ఈనాడు డి.ఎన్.ఎ. పరీక్ష కూడా ఉంది. తాతగారి తాత నుంచి మనకు వచ్చే డి.ఎన్.ఎ. సగటున పదహారో వంతు. ఇద్దరి డి.ఎన్.ఎ. పోల్చి వారు చుట్టాలు కావచ్చునని చెప్పవచ్చు. ఏ తాత వైపు నుంచి, ఏ ఊరి నుంచి అన్నది మాత్రం కాగితాలూ పెద్దలూ చెప్పవలసిందే.

మీరూ చేయండి

ఒక నోటుపుస్తకం తీసుకోండి. మొదట మీ పేరు రాసి, తెలిసినవారి నుంచి వెనక్కి నడవండి. అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు, నాయనమ్మ ఊరు అడగండి. ఆడవారి పుట్టింటి పేర్లే ముందుగా మరుగున పడతాయి. ప్రతి సంగతి పక్కన ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, ఒకటి కొట్టివేయకండి.

ఓడ ఎక్కినవారి ఊరు పట్టికలోనైనా మిగిలింది. మీ అమ్మమ్మకు మాత్రమే తెలిసిన పేర్లు ఏ పట్టికలోనూ ఉండకపోవచ్చు. కనుక ఈ ఆదివారమే అడగండి!