చదువుపై ఇంటి భాష, హాజరు ప్రభావం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలుగా ఏర్పడినవి. ఈ పట్టణాల ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థుల ప్రగతిని బేరీజు వేసేటపుడు తరగతి గదులు, ఉపాధ్యాయుల సంఖ్య ముందుగా ప్రస్తావనకు వస్తాయి. ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించినది. అంతకంటె తక్కువగా చర్చకు వచ్చేది భాష.

మహబూబాబాద్ పరిసర తండాల నుండి వచ్చే బాలిక ఇంట మాట్లాడేది లంబాడీ. బడిలో చేరాకే ఆమెకు తెలుగు అక్షరాలు పరిచయమవుతాయి. 2022-23 విద్యాసంవత్సరం నుండి 1 మొదలు 8 వరకు తరగతులలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించడంతో బోధన ఆమెకు మూడవ భాషలో సాగుతున్నది. లెక్క తప్పినపుడు అది గణితం రాకనా, ప్రశ్న అర్థం కాకనా అన్నది మార్కుల జాబితా చెప్పదు. తెలుగు, ఆంగ్లం ఎదురెదురు పుటలలో గల పాఠ్యపుస్తకాలు కొంత ఊరట. లంబాడీకి ఆ చోటు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గిరిజన భాషలలో ప్రారంభమైన బహుభాషా విద్యలో అది ఉండినది.

పత్తి, మిర్చి ఏరే రోజులలో తల్లులు కూలికి వెళ్లగా చిన్నవారిని చూసుకొనే అక్కలు బడి మానుతారు. ఆ నెలల హాజరు పట్టీని మార్కులతో కలిపి చూడవలసి ఉన్నది.