వంటింటిలోనికి రాని సిగ్నలు

ఇల్లు కొనునపుడు మనవారు నేల చూతురు, నీరు చూతురు, వాస్తు చూతురు. బడి యెంత దూరమో, బస్సు ఎచ్చట నిలుచునో విచారింతురు. వంటింటిలో నిలుచుండి సెల్‌ఫోనున మాటలాడ వీలగునా యని పరీక్షించువారు మాత్రము మిక్కిలి యరుదు. గృహప్రవేశము ముగిసి, చుట్టములు వెడలిపోయి, యజమాని ఆఫీసునకును పిల్లలు బడికిని పోయిన పిమ్మట ఇంట మిగిలిన యిల్లాలికి ఆ లోటు బయటపడును. వీథి గుమ్మమున నాలుగు గీతలు చూపిన ఫోను వంటింటిలో ఒక గీతకు దిగును. నడిమి గదిలో నా యొక్క గీతయు మాయమగును.

హైదరాబాదునకు ఉత్తరమున నాగపూరు పోవు మార్గముపై మేడ్చల్, కరీంనగరు పోవు రాజీవ్ రహదారిపై శామీర్‌పేట కలవు. ఔటర్ రింగు రోడ్డు రెంటిని తాకుచు పోవుచున్నది. ఒకప్పుడు ఈ ప్రాంతము ద్రాక్షతోటలకు పేరు పడినది. శామీర్‌పేట యనగా పెద్దచెరువును, కట్టమీది గాలియు జ్ఞప్తికి వచ్చెడివి. ఇప్పుడు తుర్కపల్లి వైపున జీనోమ్ వ్యాలీ మందుల పరిశ్రమలు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, బిట్స్ కళాశాల, 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా, వీనినడుమ చేలన్నిటిని ఆక్రమించుచున్న విల్లాలు, అపార్టుమెంట్లు. ఇండ్లు లేచినంత వేగముగా టవర్లు లేవవు. ఎంతమంది ఖాతాదారులు దొరకుదురో లెక్కవేసికొనియే కంపెనీ టవరు నిలుపును. సగమిండ్లు తాళము వేసియున్న క్రొత్త కాలనీ ఆ లెక్కకు ఆనదు. కావున మొదట కాపురమునకు వచ్చినవారికే కష్టము హెచ్చు.

ఇది మగవారి వ్యవహారమని మన సోదరీమణులు కొందరు తలంతురు. ఏ కంపెనీ సిమ్ము తెచ్చిన నేమి, మాట వినబడిన చాలునందురు. కాని నేడు గ్యాసు బండ ఇంటికి వచ్చినపుడు చెప్పవలసిన అంకెలు ఫోనునకే వచ్చును. బ్యాంకువారి ఓటీపీయు నంతే. రేషను దుకాణమున వేలిముద్ర నందుకొను యంత్రము నెట్‌వర్కు లేనిదే పలుకదు. అంగన్వాడీ టీచరు బిడ్డల బరువును 2021 నుండి పోషణ్ ట్రాకరు అను యాప్‌లో నెక్కింపవలసియున్నది. వీనియన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. మేడ్చల్ రోడ్డుననే, దేవరయాంజాల్ వద్ద, 108 అంబులెన్సు సేవ నడుపు సంస్థకు కేంద్ర కార్యాలయము కలదు. 2005 ఆగస్టు 15వ తేదీన ఆరంభమైన ఆ సేవ ఎందరి ప్రాణములనో నిలిపినది. ఆ కార్యాలయమునకు కొలదిమైళ్ల దూరమున నున్న యింటిలోనే, అర్ధరాత్రి ఆయాసముతో నున్న అత్తగారి మంచము ప్రక్క నిలుచున్న కోడలికి ఆ మూడంకెలు కలియకున్న, ఆ సామీప్యము ఎవరికి ప్రయోజనము?

కంపెనీల పూర్వకథ పొడవైనది. మనకు కావలసినంత చెప్పుదుము. మన దేశమున మొదటి సెల్‌ఫోను పిలుపు 1995 జూలై 31న కలకత్తా నుండి ఢిల్లీకి పోయెను. తెలుగుదేశమున మొదట టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్ అను రెండు కంపెనీలుండెను. మొదటిది పిమ్మట ఐడియాలోను, రెండవది ఎయిర్‌టెల్‌లోను కలిసిపోయెను. వచ్చిన పిలుపునకు సైతము డబ్బు చెల్లించిన ఆ రోజులు 2003 మే 1తో ముగిసినవి. 2002 అక్టోబరులో ప్రభుత్వపు బి.ఎస్.ఎన్.ఎల్. సెల్‌ఫోను సేవకు దిగెను. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చుటతో ఎన్నియో చిన్న కంపెనీలు మూతపడెను. 2018 ఆగస్టు 31న వొడాఫోను, ఐడియా యేకమై, 2020 నుండి వి.ఐ. యని పిలువబడుచున్నవి. నేడు మనకు మిగిలినవి ఈ నాలుగే.

నాలుగింటిలో నేది మేలని మమ్ముల నడుగువారు పలువురు. పొరుగింటివారు మెచ్చిన కంపెనీ మనయింట మూగవోవుటకు కారణము కలదు. సిగ్నలు గాలిలో పోవు తరంగము. తక్కువ ఆవృత్తి గల తరంగము దూరము పోవును, గోడను కొంత దాటును. హెచ్చు ఆవృత్తి గలది ఒక్కసారి విస్తారమైన సమాచారమును మోసికొనివచ్చును గాని, సిమెంటు గోడకు, ఇనుప తలుపునకు, బండరాతికి లొంగిపోవును. శామీర్‌పేట చుట్టునున్న గుండ్లగుట్టలు చూడ ముచ్చటగా నుండును; వాని చాటున నున్న యింటివారికి మాత్రము అవి ప్రహరీగోడలే. వైమానికదళము వారి దుండిగల్, హకీంపేట విమానాశ్రయములు సమీపముననే యుండుటచే టవరు ఎత్తునకు అనుమతి కూడ కావలసియుండును.

2022లో 5జీ వచ్చినపుడు ఎయిర్‌టెల్ అక్టోబరుననే హైదరాబాదున సేవ నారంభించెను; జియో నవంబరు 10న ఆరంభించెను. రెండింటి పద్ధతులు వేఱు. ఎయిర్‌టెల్ తన 4జీ నాధారముగా చేసికొని 5జీ నడిపినది. జియో 5జీకి ప్రత్యేకమైన యేర్పాటు చేసికొని, గోడలను చొచ్చుకొనిపోగల 700 మెగాహెర్ట్జ్ తరంగమును గూడ వేలములో కొనినది. అందుచేత లోపలిగదిలో జియోకు కొంత యనుకూలము కలుగవలెను. కాని ఆ తరంగము పుట్టు టవరు మన కాలనీకి రెండు మైళ్ల దూరమున నున్నచో ఆ యనుకూలమంతయు దారిలోనే కరగిపోవును. వి.ఐ. 5జీకి ఆలస్యముగా, 2025లో, ముంబాయితో మొదలిడినది. బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశమున తయారైన పరికరములతో కట్టిన 4జీని 2025 సెప్టెంబరు 27న ప్రధానమంత్రి ప్రారంభించిరి. దాదాపు తొంబదియేడువేల అయిదువందల టవర్లు అందులో చేరినవి. అంతకు ముందు యేడాది, 2024 జూలైలో, ప్రైవేటు కంపెనీలు మూడును ధరలు పెంచినపుడు లక్షలకొలది జనులు బి.ఎస్.ఎన్.ఎల్.నకు మారిరి. ధర తక్కువయని పరుగిడిన వారికి మాట కలియని గంటలు కూడ అందుకొన్నదానిలో భాగమే యయ్యెను.

ట్రాయి యను నియంత్రణ సంస్థవారు పరికరములు పెట్టిన బండ్లను వీథుల వెంట నడిపి, అచ్చటచ్చట నిలిచియు నడచియు, కంపెనీల సేవను కొలిచి ప్రకటించుచుందురు. నూటికి రెండు పిలుపులకంటె నెక్కువ నడుమ తెగిపోరాదని వారి నియమము. మంచి పనియే. అయినను బండి పోవునది రోడ్డు మీద. పిలుపు తెగునది పడకగదిలో. కంపెనీలు తమ సేవ యెందెందు కలదో పటములుగా ప్రకటింపవలెననియు ట్రాయి నియమించినది. ఆ పటమున మన కాలనీ రంగులో మునిగియున్నంత మాత్రమున వంటిల్లు కూడ మునిగినదని నమ్మరాదు.

అలియాబాదు దాపున ఇల్లు కట్టుకొనిన మా యెఱుకలోని యొకామె సంగతి యిట్టిదే. కుటుంబమునంతటికి ఒకే పథకము చౌకయని, యింటిలోని ఐదు ఫోనులను ఒకే కంపెనీకి మార్చిరి. వానకాలమున ఆ కంపెనీ సేవ ఒక రాత్రి యంతయు నిలిచిపోగా, ఇంటిలో ఐదు ఫోనులుండియు ఒక్కటియు పనికిరాలేదు. ఆమె పొరుగింటి తలుపు తట్టవలసి వచ్చినది. తరువాత నామె తన ఫోనున రెండవ సిమ్ముగా వేఱు కంపెనీది వేసికొనెను. వెనుకటిగదిలో ఇప్పుడదియే బాగుగా పలుకుచున్నదట.

మా యభిప్రాయ మిది: నగరపు అంచున నుండు ఇంటిలో ఫోనులన్నియు ఒకే కంపెనీవి కారాదు. పథకమున మిగులు నూరు రూపాయలకంటె నిది విలువైనది. అయితే రెండు మూడు కంపెనీలు ఒకే టవరును పంచుకొనుట నేడు వాడుక. అచ్చట కరెంటు పోయి బ్యాటరీలు తరిగినచో అందరును ఒక్కమారే మూగలగుదురు. కావున రెండవ సిమ్మును తీసికొనకముందే, ఆ కంపెనీ ఫోను గల బంధువునో పనిమనిషినో పిలిచి, ఇంటిలో గదిగదియందు పరీక్షింపవలెను. గీతలను లెక్కింపరాదు, మాటలాడి చూడవలెను. మధ్యాహ్నము ఒకసారి, అందరు ఇండ్లు చేరి వీడియోలు చూచు రాత్రి తొమ్మిది గంటలకు ఒకసారి. తలుపు మూసి స్నానపు గదిలో సైతము చూడవలెను. జారిపడుట జరుగునది సాధారణముగా నచ్చటనే. ఏ కంపెనీయు సరిగా అందని చోట 112ను పిలిచినచో, తన కంపెనీ టవరు లేకున్నను అందిన మఱియొక కంపెనీ టవరు ద్వారా ఆ పిలుపు పోవునట్లు ఏర్పాటు కలదు. ఈ సంగతి పిల్లలకును పెద్దలకును చెప్పియుంచదగినది.

టవరు సంగతి వచ్చినది కనుక ఒక మాట. సిగ్నలు అందరికి కావలెను. టవరు మాత్రము పొరుగువాని మేడపై నుండవలెను. కాలనీ సంఘములు టవరు వలదని అర్జీలు పెట్టి, మరుసటి నెలలోనే సిగ్నలు లేదని కంపెనీపై కోపించుట మేము చూచుచున్నాము. బిడ్డలున్న యిండ్లవారి భయమును మేము చులకన చేయము. మన దేశమున 2012 సెప్టెంబరు 1 నుండి టవరు వెడలించు శక్తికి, అంతర్జాతీయ సంఘము సూచించిన దానిలో పదవవంతు మాత్రమే హద్దుగా నియమింపబడినది. మన యింటి చుట్టునున్న టవర్లు హద్దులో నున్నవో లేవో 2017లో ప్రారంభమైన తరంగ్ సంచార్ పోర్టలులో చూచుకొనవచ్చును. రుసుము చెల్లించి కొలిపించుకొనవచ్చును. మఱియొక సంగతి పలువురెఱుగరు. టవరు దూరమైన కొలది ఫోను దాని నందుకొనుటకు తన శక్తిని హెచ్చించుకొనును. చెవికి ఆనించుకొనునది టవరు కాదు, ఫోను.

ఇంటిలోని ముసలివారి బొత్తాముల ఫోను గూర్చి కూడ తెలిసికొనవలెను. జియోకు 2జీ సేవ లేదు. పాత 2జీ ఫోనున దాని సిమ్ము వేసిన పలుకదు. ఎయిర్‌టెల్, వి.ఐ., బి.ఎస్.ఎన్.ఎల్. సిమ్ములు అట్టి ఫోనులలో పనిచేయును. ఇంటర్నెట్టు అక్కరలేని అమ్మమ్మకు డేటాతో కూడిన పథకమును బలవంతముగా కొనిపించు ఆచారమును ట్రాయి 2024 డిసెంబరులో ఆపినది. మాటలకు, సందేశములకు మాత్రమే పనికివచ్చు పథకములను కంపెనీలు అమ్మవలసియున్నవి. దుకాణదారుడు తానై చెప్పడు, అడుగవలెను.

ఇంటిలో బ్రాడ్‌బ్యాండు ఉన్నవారికి వైఫై కాలింగు అను నుపాయము కలదు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులోను, జియో 2020 జనవరిలోను దీనిని తెచ్చినవి. ఫోను సెట్టింగులలో ఒక మీట నొక్కిన చాలును. పిలుపు టవరును వదలి ఇంటి వైఫై ద్వారా పోవును. నడిమిగది బాధ చాలవరకు దీనితో తీరును. కరెంటు పోయిన వైఫై పెట్టెయు నిద్రపోవును గనుక దానికొక చిన్న బ్యాటరీ యమర్చుకొనవలెను.

ఇన్నియు చేసియు కుదురనిచో 198కి ఫిర్యాదు చేసి, దాని సంఖ్యను వ్రాసియుంచుకొనవలెను. దానికిని ఫలము లేనిచో కంపెనీ మార్చుటయే. సంఖ్య మారకుండ కంపెనీ మార్చు హక్కు 2011 జనవరి 20 నుండి దేశమంతట కలదు. పోర్ట్ అను ఆంగ్లపదమును, ఒక ఖాళీ విడిచి తన పదియంకెల సంఖ్యను వ్రాసి 1900కు పంపిన, ఎనిమిది అక్షరముల సంకేతము వచ్చును. అది నాలుగు దినములు చెల్లును. రాష్ట్రములు 2014లో రెండైనను టెలిఫోను లెక్కలో తెలంగాణమును ఆంధ్రప్రదేశమును నేటికిని ఒకే సర్కిలు. కనుక గుంటూరున తీసికొన్న సంఖ్యతో మేడ్చల్ కాపురమునకు వచ్చిన కోడలికి సైతము మూడు పనిదినములలో మార్పు ముగియవలెను. పాత సిమ్ము నిలిచి క్రొత్త సిమ్ము పలుకు నడుమ కొన్ని గంటలు ఓటీపీలు అందకపోవచ్చును. గ్యాసు బండ వచ్చు దినమును, బ్యాంకు పని గల దినమును తప్పించి మారుట మంచిది.