చీర రంగును తినే సూక్ష్మజీవులు!

కొత్త కాటన్ చీర మొదటిసారి తడిపితే బకెట్లో నీళ్లు ఎర్రగానో నీలంగానో మారడం మీకు తెలిసిందే. "అయ్యో, రంగు దిగిపోతోందే" అని చీర గురించి బాధపడతాం గాని, ఆ నీళ్లు ఎటు పోతాయని ఎవరం ఆలోచిస్తాం? ఇంట్లో అయితే ఒక్క బకెట్టు. అద్దకం చేసే చోట తొట్లకు తొట్లు!

ముస్తాబాద్ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పాలా? పక్కనే సిరిసిల్ల. ఏ వీధికెళ్లినా సాంచెల చప్పుడే. 2017లో మొదలుపెట్టి కొన్నేళ్లపాటు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు చాలావరకు అక్కడ నేసినవే. సాంచెలున్న చోట నూలుకు గంజి పట్టించే సైజింగూ, రంగులద్దే డైయింగూ ఉంటాయి. ఊరేమో మానేరు ఒడ్డున ఉంది. సిరిసిల్ల దాటిన మానేరు మధ్యమానేరు జలాశయంలో కలుస్తుంది, అక్కణ్ణుంచి దిగువ మానేరుకు వెళుతుంది. కరీంనగర్ ఇళ్లల్లో బిందెలు నిండేది ఆ నీళ్లతోనే. అందుకని రంగునీళ్లను శుభ్రం చేయడమనేది డైయింగు యజమానుల గొడవే అనుకోకండి.

నూలుబట్టకు అద్దే రియాక్టివ్ రంగులు పోగును గట్టిగానే పట్టుకుంటాయి. కాని తొట్టిలో వేసిన రంగంతా పట్టుకోదు. కొంత నీళ్లతోనే కలిసిపోయి వృథా అవుతుంది. కొన్ని రంగుల్లో మూడో వంతు దాకా కాలవ పాలే. ఎండకూ, సబ్బుకూ వెలవకూడదనే కదా మనం గట్టి రంగు కావాలని అడుగుతాం! ఆ గట్టిదనమే చెరువులో చేరాక శాపమవుతుంది. త్వరగా విరగదు.

ఇక్కడే బాక్టీరియా పని మొదలవుతుంది. బట్టలకు వాడే కృత్రిమ రంగుల్లో సగానికి పైగా 'అజో' జాతివి. వాటి నడుమ రెండు నైట్రోజన్ పరమాణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ముడిపడి ఉంటాయి. రంగు కనిపించడానికి ఆ ముడే ముఖ్యం. ముడి తెగిందా, రంగు మాయం. సూడోమోనాస్, బాసిల్లస్ వంటి బాక్టీరియాల్లో కొన్ని రకాలకు ఈ ముడి తెంచే ఎంజైములున్నాయి. ఆ మాటకొస్తే మన పేగుల్లో కాపురముండే బాక్టీరియాకూ ఈ విద్య వచ్చు. జర్మనీలో డోమాక్ అనే శాస్త్రవేత్త ప్రాంటోసిల్ అనే ఎర్రరంగు మందును కనిపెట్టాడు. సూది గుచ్చుకుని విషమెక్కిన తన కూతురికి కూడా దాన్నే ఇచ్చి బతికించుకున్నాడు. 1935లో పారిస్ శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, రోగం తగ్గించేది ఆ ఎరుపు కాదట, ఒంట్లో ముడి తెగాక మిగిలే రంగులేని ముక్క!

ముక్క మందైతే సరే. విషమైతే?

అసలు చిక్కు అదే. అజో రంగు విరిగితే అమైన్లనే పదార్థాలు వస్తాయి. వాటిలో బెంజిడిన్ వంటివి రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు మూత్రాశయ క్యాన్సర్ తెచ్చిపెట్టాయి. అలాంటివి వెలువడే రంగులను జర్మనీ 1994లో, మన దేశం 1997లో నిషేధించాయి. మిగిలిన రంగుల ముక్కలన్నీ మంచివేనని కూడా అనుకోలేం. ఎవరైనా తేటగా ఉన్న గ్లాసెడు నీళ్లు చూపించి "చూడండమ్మా, బాక్టీరియాతో శుభ్రం చేశాం" అంటే, రెండో తొట్టి ఉందా అని అడగండి. మొదటి తొట్టిలో గాలి తగలనివ్వరు, మన గోబర్ గ్యాస్ గుంతలాగా. గాలి దొరికితే బాక్టీరియా ఆక్సిజన్ మీదికే పోతుంది, రంగు జోలికి రాదు. ముడి తెగాక రెండో తొట్టిలో గాలి బాగా కొట్టాలి. అమైన్లను అరిగించుకునే బాక్టీరియా ఎక్కువగా గాలి కోరేది. నీళ్లు తేటపడ్డాయని మొదటి తొట్టితోనే ఆపేస్తే, కంటికి కనిపించే దొంగను కనిపించని దొంగగా మార్చినట్టే!

ఈ పని ఎందుకంత తేలిక కాదో మీ వంటింటిని చూస్తే తెలుస్తుంది. మరిగే పాలలో తోడు వేస్తామా? డైయింగు నీళ్లు కాలుతూ, సోడా ఘాటుతో వస్తాయి. ముందు వాటిని చల్లార్చాలి, ఘాటు విరచాలి. తొక్కులో ఉప్పెందుకు దట్టిస్తాం? పాడుచేసే సూక్ష్మజీవులు పెరగకూడదని. నూలు అద్దకంలోనూ ఉప్పు దండిగా పోస్తారు, ఆ నీళ్లలో మామూలు బాక్టీరియా డీలా పడుతుంది. ఉప్పుకు అలవాటు పడ్డ రకాలను పెంచుకోవాలి. ఇంకోటి, వట్టి రంగు తిని అవి బతకలేవు, వేరే తిండి కావాలి. తమాషా ఏమిటంటే, బట్టనుంచి కడిగేసిన సైజింగు గంజే వాటికి మంచి తిండి.

ఇంత చేసినా ఉప్పు ఉప్పుగానే ఉంటుంది, దాన్ని ఏ బాక్టీరియా తినదు. తమిళనాడులో తిరుప్పూరు అద్దకం నీళ్లు నొయ్యల్ నదిని పాడుచేశాయని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి డైయింగు యూనిట్లను మూసేయమంది. ఆ తర్వాత చుక్క నీరు బయటికి వదలకూడదన్న షరతు మీదే నడవాల్సి వచ్చింది. బాక్టీరియా తొట్ల తర్వాత నీటిని సన్నని పొరల గుండా వడగట్టి, ఉప్పును వేరుచేసి మళ్లీ వాడుకోవాలి. ఖర్చు తక్కువేం కాదు. చిన్న యూనిట్లవాళ్లు ఒక్కొక్కరూ భరించలేరు, పదిమంది కలిసి ఒకచోట కట్టుకోవడమే దారి.

ఇక మన బకెట్టు సంగతి. కొత్త బట్టను విడిగా తడపండి. ఆ నీళ్లు కొత్తిమీర మడిలోనో బావి గట్టునో పారబోయకండి. రంగు పోవాలని బ్లీచింగ్ పౌడరు మాత్రం కలపొద్దు. రంగు పోతుంది నిజమే, కాని క్లోరిన్ అంటుకున్న ముక్కలు మిగులుతాయి, వాటిని విరచడం సూక్ష్మజీవులకు ఇంకా కష్టం.