ఆడపిల్లల సమాజాలు ఎలా పుట్టాయి?

ఆడపిల్లలు ఒకచోట కూడుకోవడం కొత్త సంగతి కాదు. మన గోదావరి ఊళ్ళలో అట్లతద్దికి ఊయలలు ఊగేది వాళ్ళే. యెఫ్తా కుమార్తెను తలచుకొని ఇశ్రాయేలు కుమార్తెలు ఏటా నాలుగు దినాలు కూడుకొనేవారని న్యాయాధిపతుల గ్రంథంలో చదువుతాము. అయితే కూడుకోవడం వేరు, సమాజంగా ఏర్పడడం వేరు. సమాజానికి ఒక పేరు, కార్యదర్శి, కోశాధికారి, లెక్కల పుస్తకం ఉంటాయి. ఆ పుస్తకం ఆడపిల్ల చేతికి ఎప్పుడు వచ్చిందన్నదే ఈ చరిత్రలో అసలు సంగతి.

1851లో అమెరికాలోని జార్జియాలో, మెథడిస్టుల ఆడపిల్లల కళాశాలలో విద్యార్థినులు తమకంటూ ఒక సమాజం పెట్టుకొన్నారు. 1855లో లండనులో వై.డబ్ల్యు.సి.ఎ.కు పునాది పడింది. 1875లో అది బొంబాయి చేరింది.

గైడ్స్ కథ విచిత్రమైనది. 1909లో లండనులో క్రిస్టల్ ప్యాలెస్ వద్ద మగపిల్లల స్కౌట్ల సమావేశానికి కొందరు ఆడపిల్లలు పిలవకుండానే వచ్చి, మేమూ స్కౌట్లమే అన్నారు. బేడెన్ పోవెల్ వారిని కాదనలేక, మరుసటి ఏడు వారికోసం వేరే సంస్థ ఏర్పాటు చేసి తన చెల్లెలు ఆగ్నెస్‌కు అప్పగించారు. 1911లో జబల్పూరులో మన దేశపు మొదటి గైడ్ల బృందం ఏర్పడింది. మొదట తెల్లవారి పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే చోటు. మన పిల్లలు 1916 వరకు ఆగవలసి వచ్చింది.

ఆ 1909లోనే రాజమండ్రిలో దుర్గాబాయి పుట్టారు. ఎనిమిదేళ్ళకే ఆమెకు పెళ్ళి చేశారు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమె వాలంటీరు. ప్రదర్శనశాల ద్వారం దగ్గర నిలబెట్టి, టికెట్టు లేనివారిని పంపవద్దన్నారు. టికెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె ఆపేసింది. నిర్వాహకులు కోప్పడితే, మీరు చెప్పిన పనే చేశానంది. వారు టికెట్టు కొన్నాకనే లోపలికి పోనిచ్చింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు. దీన్ని అందరూ ధైర్యానికి గుర్తుగా చెబుతారు. నేనైతే మరొకటి గమనిస్తాను: ఎవరో ఆ పిల్లను నమ్మి ద్వారం అప్పగించారు!

ఇప్పుడు మన ఆత్రేయపురం సంగతి చూడండి. మన పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రేకులు తీసేది ఎక్కువగా మన స్త్రీలే. పదో తరగతి అయిన అమ్మాయికి ఆ కుండ దగ్గర చోటుంది. మరి గుమ్మం బయట? చాలా సంఘాల్లో స్త్రీల సమాజం పెళ్ళయినవారిది. యవ్వనస్థుల కూడికలో మైకు, కానుకల పెట్టె అబ్బాయిలవి. ఆమె పాట పాడి ఇంటికి వెళ్ళిపోతుంది. చదువు మానిపించి సంబంధం చూస్తున్నారంటే, ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

దుర్గాబాయికి ఈ సంగతి తన బ్రతుకులోనే తెలుసు. ఆమె బడి మధ్యలోనే ఆగింది. తరువాత బెనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చొని ప్యాసయ్యారు. మద్రాసులో ఆమె ఆడపిల్లల కోసం ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అనే చిన్న క్లబ్బు పెట్టారు. 1937 నాటి ఆంధ్ర మహిళా సభ దాని నుండే పెరిగింది. చదువు ఆగిపోయిన తెలుగు స్త్రీలను ఆ సభలో కూర్చోబెట్టి, ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే తయారుచేశారు.